ఫెండర్ మీద 350, లోపల 331.6: డెట్రాయిట్ దగ్గర ఒక మెషిన్ షాపు మీద నా రివ్యూ

పాత అమెరికన్ కారు కొన్నవాళ్ళకీ, కొందామని చూస్తున్నవాళ్ళకీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను. రివ్యూ ఒక చిన్న మెషిన్ షాపు గురించి. డెట్రాయిట్‌కి పడమర వైపు, మేం ఉండే నోవై నుంచి నలభై నిమిషాల దారి. పేరు రాయడం లేదు. పెద్దాయన ఒక్కరే పని చేస్తారు, సాయానికి ఇంకో మనిషి లేరు, నేను వెళ్ళేసరికే వరసలో తొమ్మిది ఇంజిన్లు ఉన్నాయి, "దయచేసి ఇంటర్నెట్‌లో నా పేరు పెట్టకు" అని ఆయనే అడిగారు. నిజంగా అవసరం ఉన్నవాళ్ళు నాకు విడిగా మెసేజ్ పెట్టండి, చెప్తాను.

ఆయన నాకు చేసిపెట్టిన పని ఏమిటంటే, నా కారులో ఉన్న ఇంజిన్ ఏదో, దాని సైజు ఎంతో కొలిచి చూపించడం. కొలతకి 260 డాలర్లు, గ్యాస్కెట్ల ఖర్చు వేరే. అయిదుకి నాలుగున్నర ఇస్తున్నాను. ఆ అర ఎందుకు తగ్గించానో కింద రాశాను.

కారు 1970 షెవర్లే కమారో. ఆ ఏడాది మోడల్ ఆలస్యంగా, ఫిబ్రవరి 26న షోరూముల్లోకి వచ్చింది, అందుకే ఇక్కడివాళ్ళు దాన్ని "డెబ్భైన్నర" అంటారు. రెండేళ్ళు వెతికితే నాకు దొరికింది. రెండు ఫెండర్ల (ముందు చక్రాల పైన ఉండే రేకుల) మీదా 350 అని బ్యాడ్జ్ ఉంది, "ఒరిజినల్ 350, మూడొందల హార్స్‌పవర్" అని అమ్మినతను చెప్పాడు. కావాలని అబద్ధం చెప్పాడని నేను అనను, అతనికి కూడా ఎవరో ఇదే మాట చెప్పి అమ్మి ఉంటారు. యాభై ఏళ్ళు దాటిన కారు కదా, ఎన్ని చేతులు మారిందో.

350 అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది బుల్లెట్. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు లేత్ మీద పని చేశారు, లారీ బ్లాకులు బోరింగు చేసిన చేతులు ఆయనవి. ఇంట్లో ఏ బండి మాట వచ్చినా ఆయన అడిగే మొదటి ప్రశ్న "బోరెంత?" అనే. బోరంటే సిలిండర్ వెడల్పు. చిన్నప్పుడు ఆయనే చెప్పారు, బుల్లెట్ 350 అంటారు గానీ పాత ఇంజిన్ 346 సీసీనే అని. 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం), లెక్క వేసుకుంటే అంతే వస్తుంది. అయితే అమెరికన్ 350 సీసీల్లో కాదు, క్యూబిక్ ఇంచుల్లో. ఒక క్యూబిక్ ఇంచు 16.387 సీసీ, కాబట్టి షెవర్లే 350 అంటే సుమారు 5,733 సీసీ, ఎనిమిది సిలిండర్లకి పంచితే ఒక్కోదానికి 717. అంటే ఒక్క సిలిండర్‌లో రెండు బుల్లెట్లు పడతాయి. కారు ఇంటికొచ్చిన రోజు వీడియో కాల్‌లో ఈ లెక్క చెప్తే నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగారు, "అది సరేరా, దీని బోరెంత?"

350కి నాలుగు అంగుళాల బోరు అని పుస్తకంలో ఉన్నది చెప్పాను. "పుస్తకం సంగతి కాదు, నీ బండిది ఎంత?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నే నన్ను ఈ షాపు దాకా తీసుకెళ్ళింది.

ముందు ఇంటికి దగ్గర్లో ఇంకో గ్యారేజీకి వెళ్ళాను. అక్కడి కుర్రాడు బ్లాక్ (సిలిండర్లు ఉండే ఇనుప దిమ్మ) వెనక అంచు మీద ఉన్న కాస్టింగ్ నంబరుని ఫోన్‌తో ఫొటో తీసి, ఎక్కడో వెతికి, "350యే" అని చెప్పి 90 డాలర్లు తీసుకున్నాడు. నంబరు 3970010. అతను చదివింది సరిగ్గానే చదివాడు, ఆ నంబరు నిజంగానే 350 బ్లాక్‌ది. కానీ బ్లాక్ పోత పోసినప్పుడు అచ్చులో ఉన్న నంబరు అది. పోత పోసిన రోజున ఆ ఇనుము ఏం కావాల్సి ఉందో చెప్తుంది, ఇవాళ దాని లోపల ఏముందో చెప్పదు. ఈ తేడా నాకు అప్పటికి తెలియదు, పెద్దాయన దగ్గరికి వెళ్ళాకే అర్థమైంది.

ఆయనకి ఫోన్ చేస్తే అడిగిన మొదటి మాట, "నీకు నంబర్లు చదివి చెప్పాలా, కొలిచి చెప్పాలా? చదవడం ఉచితం, కొలవాలంటే హెడ్ దింపాలి." ఆ ఒక్క మాటకే నాకు నమ్మకం కుదిరింది. (హెడ్ అంటే సిలిండర్ల పైన మూతలా బిగించే భాగం.)

నంబర్లు చదవడం అన్నమాట ప్రకారం ఉచితంగానే చేశారు, పైగా ఆ కుర్రాడు రెండు నిమిషాల్లో ముగించిన పనికి ముప్పావుగంట పట్టింది. ఫైర్‌వాల్‌కీ (ఇంజిన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య ఉండే రేకు గోడకీ) బ్లాక్‌కీ మధ్య సందులో ముందు వైర్ బ్రష్‌తో రుద్ది, చిన్న అద్దం, టార్చి పెట్టి నన్నే చదవమన్నారు. ఎందుకంత జాగ్రత్త అంటే 3970010 అయితే 350, 3970020 అయితే 307. ఏడంకెల్లో ఒక్క అంకె తేడా, అది కూడా యాభై ఏళ్ళ గ్రీజు కింద, అద్దంలో తిరగబడి కనిపించే అంకె. పైగా 010 బ్లాక్ 350కి మాత్రమే వాడలేదు, 1969లో 302కీ 327కీ కూడా అదే పోత. వెనక అంచు మీదే పోత పోసిన తేదీ ఉంటుంది: మొదట నెలకి ఒక అక్షరం, జనవరికి ఏ, ఫిబ్రవరికి బీ, అలా డిసెంబరు ఎల్ దాకా, తర్వాత రోజు, చివర సంవత్సరంలో ఆఖరి అంకె ఒక్కటే. నాది కే 9 1. నవంబరు 9, 1971. కారు 1970ది. బ్లాక్ కంటే కారు ముందు పుట్టిందన్నమాట. "ఒరిజినల్" అనే మాట అక్కడితో తీరిపోయింది.

ఇక పంచ్ కొట్టిన నంబరు. షెవర్లే స్మాల్ బ్లాక్‌కి (350, 307 లాంటి చిన్న వీ8 ఇంజిన్ల కుటుంబానికి) ముందు వైపు, ప్యాసింజర్ పక్క హెడ్‌కి ముందు చిన్న చదును జాగా ఉంటుంది. ఫ్యాక్టరీలో ఇంజిన్ బిగించాక దాని మీద కొడతారు: వీ అంటే మిషిగన్‌లో ఫ్లింట్, టీ అంటే న్యూయార్క్ రాష్ట్రంలో టోనవాండా, తర్వాత నెల, రోజు, చివర ఆ ఇంజిన్ ఏ కారుకి, ఏ గేరుబాక్సుతో వెళ్ళిందో చెప్పే అక్షరాలు. కారు నంబరులో కొంత భాగం కూడా కొడతారు, అది అసలు కారు నంబరుతో కలిస్తే ఇంజిన్ ఆ కారుతో పుట్టినదే అన్నమాట. "మ్యాచింగ్ నంబర్స్" అని వేల డాలర్లు ఎక్కువ అడిగేది దీని కోసమే. నా బ్లాక్ మీద ఆ జాగా అద్దంలా నున్నగా ఉంది, ఒక్క అక్షరం లేదు. పైభాగం ఎప్పుడో మిషన్ మీద చెక్కించారు, దాంతో పాటు నంబరూ పోయింది. ఇందులో మోసం ఏమీ లేదని ఆయనే చెప్పారు, బ్లాక్ పైభాగం చదును చేయడం మామూలు పనే. అసలు మోసం ఎక్కడంటే, అలా నున్నగా అయిన జాగా మీద కొత్తగా నంబరు కొట్టడం. ఫ్యాక్టరీలో బ్లాక్ పైభాగం చెక్కే బ్రోచింగ్ మిషన్ వదిలిన సన్నని గీతలు ముందు నుంచి వెనక్కి సమాంతరంగా ఉండాలి, అవి లేకుండా నంబరు మాత్రం శుభ్రంగా ఉంటే అనుమానించాలి. కొనబోయేవాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకున్నా చాలా డబ్బు మిగులుతుంది.

1970 కమారో కారు నంబరు చూసి ఇంజిన్ తెలుసుకోవచ్చని కొందరు అంటారు, కుదరదు. ఆ ఏడాది నంబరు చెప్పేది సిక్స్ సిలిండరా, వీ8యా అన్నంత వరకే. 123తో మొదలైతే సిక్స్, 124 అయితే వీ8. నాది 124. కానీ ఆ వీ8 200 హార్స్‌పవర్ 307 కావచ్చు, 250 హార్స్‌పవర్ 350 కావచ్చు, 300ది కావచ్చు, 360 హార్స్‌పవర్ జడ్28 (రేసుల కోసం చేసిన కమారో రకం) కూడా కావచ్చు. ఏ ఇంజినో చెప్పే అక్షరం 1972 నుంచి గానీ కారు నంబరులోకి రాలేదు.

కొలత శనివారం పొద్దున. పక్కనే నిలబడనిచ్చారు, ఈ రివ్యూలో నేను అన్నింటికంటే ఎక్కువ మార్కులు ఇచ్చేది దీనికి. ఎడమ హెడ్ దింపారు. పిస్టన్ల మీద మసి తుడిచేసరికి ఒకదాని మీద 030 అని కనిపించింది. మరో మెకానిక్ అయితే అక్కడితో ఆపేసి "థర్టీ ఓవర్" అని రాసిచ్చేవాడు. ఈయన ఆ అంకె నాకు చూపించి, "ఇది పిస్టన్ తయారు చేసినవాడి మాట, సిలిండర్ ఏమంటుందో చూద్దాం" అని బోర్ గేజ్ తీశారు. మైక్రోమీటర్‌తో గేజ్ సరిచేసుకుని, ఒక్కో సిలిండర్‌లో పైన, మధ్యన, కింద, మళ్ళీ అడ్డం తిప్పి మూడు చోట్లా, మొత్తం ఆరు కొలతలు. ఆయన చెప్తుంటే నేను రాశాను. నాలుగు సిలిండర్లూ 4.030 అంగుళాలకి కాస్త అటూ ఇటూ, అరుగుదల పెద్దగా లేదు. అంటే ఫ్యాక్టరీ నాలుగు అంగుళాల బోరుని అంగుళంలో వెయ్యికి ముప్పై వంతులు పెంచారు. మన ఆటోనగర్‌లో మొదటి బోరు, రెండో బోరు అని ఓవర్‌సైజ్ పిస్టన్లు వేస్తారు కదా, అదే పని, అక్కడ మిల్లీమీటర్లలో, ఇక్కడ అంగుళంలో వెయ్యో వంతుల్లో. ముప్పై వంతులంటే 0.76 మిల్లీమీటర్లు.

తర్వాత స్ట్రోక్. క్రాంక్‌ని (పిస్టన్లకి తగిలించి ఉండే ఇరుసుని) బార్‌తో మెల్లగా తిప్పి, పిస్టన్ బాగా పైకి వచ్చినప్పుడు ఒకసారి, బాగా కిందికి దిగినప్పుడు ఒకసారి డెప్త్ మైక్రోమీటర్ పెట్టారు. రెండింటి తేడాయే స్ట్రోక్. 350కి 3.48 అంగుళాలు రావాలి. 3.25 వచ్చింది. మళ్ళీ కొలిచారు, 3.25. పక్క సిలిండర్‌లో, 3.25. ఆయన ఏం మాట్లాడకుండా పెన్సిల్ నా చేతికిచ్చారు.

లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. బోరుని బోరుతో గుణించండి, 0.7854తో గుణించండి, స్ట్రోకుతో గుణించండి, సిలిండర్ల సంఖ్యతో గుణించండి. ఫ్యాక్టరీ 350కి 4 ఇంటూ 4 పదహారు, అక్కడి నుంచి 3.48తో వెళ్తే 349.85 వస్తుంది, దాన్నే 350 అన్నారు. నా ఇంజిన్‌కి 4.03, 3.25 వేస్తే 331.6. ఫెండర్ మీద 350, బ్లాక్ మీద 350 నంబరు, లోపల 331.6.

ఎలా అంటే, ఎవరో 350 బ్లాక్‌లో 307 క్రాంక్ పెట్టారు. 1968 తర్వాత ఈ ఇంజిన్ల బేరింగు సైజులు ఒకటే కాబట్టి తగిన పిస్టన్లు వేస్తే అది చక్కగా కూర్చుంటుంది. ఇది అర్థం కావాలంటే ఆ కుటుంబం మొత్తం తెలియాలి, పెద్దాయన ఒక అట్టముక్క మీద గీసి చూపించారు, నాకు ఆ రోజంతటిలో బాగా నచ్చింది ఇదే. 1955లో మొదటి షెవర్లే స్మాల్ బ్లాక్ 265, దాని బోరు 3.75, స్ట్రోక్ 3. 1957లో బోరు 3.875 చేశారు, 283 అయింది. 1962లో బోరు 4, స్ట్రోక్ 3.25 చేశారు, 327 అయింది. ట్రాన్స్-యామ్ రేసుల్లో పైహద్దు 305 క్యూబిక్ ఇంచులు కాబట్టి 1967లో 327 బోరుకి 283 స్ట్రోక్ కలిపారు, 302 వచ్చింది, అదే మొదటి జడ్28 ఇంజిన్. అదే ఏడాది స్ట్రోక్ 3.48కి పెంచి 350 చేశారు, అది మొదట దిగింది కమారోలోనే. 1968లో 302కి తిరగేసి, 283 బోరుకి 327 స్ట్రోక్ కలిపితే 307. కాబట్టి 307 క్రాంక్ అంటే 327 స్ట్రోకే. నా ఇంజిన్ కట్టినవాళ్ళు 350 బ్లాక్‌లో ఒక 327ని తయారు చేసి, ఆపైన ముప్పై వంతులు బోరు కొట్టారు. తెలివైన పనే. ఆ రోజు పొద్దున బాధపడ్డవాడిని మధ్యాహ్నానికి ఆ ఇంజిన్ మీద ఇష్టంతో బయటికి వచ్చాను.

మరి అంకెలు ఇంత సులువుగా కొలవగలిగినప్పుడు బ్యాడ్జ్ మీద వేరే అంకె ఎందుకు అని అడిగాను. దానికి ఆయన చెప్పినవి, నేను ఇంటికొచ్చి బోరూ స్ట్రోకూ పెట్టి సరిచూసుకున్నవి కొన్ని రాస్తాను.

నా కారు కాలం నుంచే మొదలుపెడతాను. 1970లో షెవర్లే తన 396 బిగ్ బ్లాక్ బోరు కొంచెం పెంచింది, 402 అయింది. కానీ ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్) 396 అనే పేరు అప్పటికే జనం నోళ్ళలో ఉంది, దాన్ని వదులుకోవడం ఇష్టం లేక బ్యాడ్జ్ 396గానే ఉంచారు. అంటే కొన్నవాడికి ఆరు క్యూబిక్ ఇంచులు ఎక్కువే వచ్చాయి.

ఫోర్డ్ సంగతి ఇంకా చిత్రం. ఫోర్డ్ 427కి బోరు 4.23, స్ట్రోక్ 3.78, లెక్క వేస్తే 425. ఫోర్డ్ 428కి 4.13, 3.98, లెక్క వేస్తే 427 దగ్గరికి వస్తుంది. అంటే పేరులో 427 ఉన్నదాంట్లో 425, పేరులో 428 ఉన్నదాంట్లో 427. స్టాక్ కార్ రేసుల్లో పైహద్దు ఏడు లీటర్లు, క్యూబిక్ ఇంచుల్లో 427, ఆ అంకెకి అంత గౌరవం. షెవర్లే 427కి మాత్రం 4.251 బోరు, 3.76 స్ట్రోక్ పెట్టి చూడండి, 426.9 వస్తుంది, పేరుకి తగ్గట్టే ఉంది. ఇంకోటి, ఫోర్డ్ 351. నాలుగు అంగుళాల బోరు, మూడున్నర స్ట్రోక్, 351.86 వస్తుంది, ఎవరైనా 352 అనే రాస్తారు. కానీ ఫోర్డ్‌కి అప్పటికే 352 అని వేరే పాత ఇంజిన్ ఉంది, గందరగోళం వద్దని 351 అన్నారు. అయినా గందరగోళం తప్పలేదు, ఎందుకంటే ఆ 351లే రెండు రకాలు, కెనడాలో విండ్సర్ ప్లాంటుది ఒకటి, ఒహాయోలో క్లీవ్‌లాండ్ ప్లాంటుది ఒకటి. బోరూ స్ట్రోకూ ఒకటే, హెడ్లు పూర్తిగా వేరు. అక్కడ అంకె ఒక్కటే చాలదు, ఊరి పేరు కూడా అడగాలి. విడిభాగాలు ఆర్డర్ చేసేవాళ్ళు ఇది అడగకుండా డబ్బు కట్టొద్దు.

లీటర్లలో రాసినా ఇదే కథ. 1964లో వచ్చిన పాంటియాక్ జీటీఓ పక్కన 6.5 లీటర్ అని బ్యాడ్జ్, లోపల 389 క్యూబిక్ ఇంచులు, అంటే 6.4 కూడా పూర్తిగా కాదు. ఎనభైల్లో మస్టాంగ్ మీద మెరిసిన 5.0 అనే అంకె 302 ఇంజిన్‌ది, అది 4,942 సీసీ, నియమం ప్రకారం 4.9 అనాలి. నా స్నేహితుడికి అలాంటి మస్టాంగ్ ఉంది, ఈ మాట చెప్తే రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. 2011లో వచ్చిన కొత్త 5.0 మాత్రం 4,951 సీసీ, ఆ బ్యాడ్జ్ ఇప్పుడు లెక్కకి సరిపోయింది. 2016లో ఇండియాలో అమ్మకానికి పెట్టిన మస్టాంగ్‌లో ఉన్నది ఈ కొత్త రకమే.

అంకె ఉంది కదా అని అది సైజే అనుకోకూడదు కూడా. ఓల్డ్స్‌మొబీల్ 4-4-2 మొదట వచ్చినప్పుడు నాలుగు బ్యారెళ్ళ కార్బురేటర్, నాలుగు గేర్లు, రెండు సైలెన్సర్ గొట్టాలు అని అర్థం, ఇంజిన్ 330. మరుసటి ఏడాది 400 ఇంజిన్ పెట్టాక మొదటి నాలుగుకి అర్థమే మార్చారు. క్రైస్లర్ 426 హెమీ అయితే 425.6 క్యూబిక్ ఇంచులు, దాని హార్స్‌పవర్ కూడా 425 అనే రాశారు, ఏ 425 దేనిదో కొత్తవాళ్ళకి తికమక. హెమీ అనేది అంకె కాదు, హెడ్‌లో మంట మండే గది అర్ధగోళంలా ఉంటుంది కాబట్టి ఆ పేరు.

అక్షరాల పేర్లు జనరల్ మోటార్స్‌లో ఆర్డర్ ఫారం మీద టిక్కు పెట్టే ఆప్షన్ కోడ్‌లు. ఎల్88, ఎల్‌టీ-1, ఎల్ఎస్6, అన్నీ అవే. ఇవి తిరిగి తిరిగి వాడతారు, జాగ్రత్త. 1970లో ఎల్ఎస్6 అంటే 454 క్యూబిక్ ఇంచుల బిగ్ బ్లాక్, 450 హార్స్‌పవర్. 2001లో షెవర్లే స్పోర్ట్స్ కారు కార్వెట్‌లో ఎల్ఎస్6 అంటే 346 క్యూబిక్ ఇంచుల అల్యూమినియం ఇంజిన్. ఎల్‌టీ1 అయితే 1970లో ఒకటి, 1992లో ఒకటి, 2014లో ఒకటి. కోడ్‌తో పాటు సంవత్సరం చెప్పనివాడి దగ్గర పార్టులు కొనకండి.

ఇక మూడొందల హార్స్‌పవర్. ఇది పెద్దాయన పని కాదు, ఆయన దగ్గర డైనో (హార్స్‌పవర్ కొలిచే మిషన్) లేదు, వేరే చోట వెనక చక్రాల దగ్గర కొలిపించాను, 181 వచ్చింది. ముందే చెప్పకపోతే ఎవరైనా కంగారు పడతారు, ఆయన ముందే కూర్చోబెట్టి చెప్పారు కాబట్టి నేను టెన్షన్ పడలేదు. 1971 దాకా కంపెనీలు రాసింది గ్రాస్ హార్స్‌పవర్. అంటే ఇంజిన్‌ని స్టాండ్ మీద పెట్టి, ఎయిర్ క్లీనర్ లేకుండా, ఆల్టర్నేటర్ లాంటి బరువులు లేకుండా, పొగ సాఫీగా బయటికి పోయేలా గొట్టాలు పెట్టి, ఇగ్నిషన్ టైమింగ్ ఆ ఇంజిన్‌కి బాగా నప్పేలా సరిచేసి కొలిచిన అంకె. 1972 మోడళ్ళ నుంచి నెట్ అంకె రాశారు, కారులో ఎలా ఉంటుందో అలా అన్నీ తగిలించి. దీని ప్రభావం కమారో ఎస్ఎస్ 350లోనే చూడొచ్చు: 1970లో 300, 1971లో 270, 1972లో 200. మొదటి తగ్గుదల నిజమైనదే, సీసం తక్కువ ఉన్న పెట్రోలుతో నడవాలని కంప్రెషన్ తగ్గించారు. రెండోది చాలావరకు కొలిచే పద్ధతి మారడం వల్ల వచ్చింది. ఇంజిన్ ఒక్క ఏడాదిలో 70 గుర్రాలు పోగొట్టుకుందని రాసేవాళ్ళని నమ్మకండి. చక్రాల దగ్గర కొలిస్తే గేరుబాక్సు, వెనక యాక్సిల్ తినేది కూడా పోయి ఇంకా తగ్గుతుంది. పాత ఇంజిన్, చిన్న స్ట్రోక్, ఆటోమేటిక్ గేర్లు, వీటికి 181 మంచి అంకె అనే నా అభిప్రాయం.

పైగా గ్రాస్ అంకెలు కూడా అన్నీ కొలిచి రాసినవి కావు. 1970 ఎల్‌టీ-1 అనే ఒకే ఇంజిన్‌ని కార్వెట్‌లో 370 అన్నారు, కమారోలో 360 అన్నారు, కార్వెట్ పైమెట్టు మీద ఉండాలని. 1967 ఎల్88ని 430 అని రాశారు, నిజానికి అది అయిదొందలు దాటుతుందని రేసులవాళ్ళందరికీ తెలుసు. ఫోర్డ్ 428 కోబ్రా జెట్‌ని 335 అన్నారు, అదీ అంతే. ఇన్సూరెన్స్ కంపెనీలు పెద్ద అంకె చూస్తే ప్రీమియం పెంచేవి, రేసుల్లో అంకెని బట్టి తరగతి మారేది, అందుకని తగ్గించి రాయడం లాభం. 1957లో మాత్రం షెవర్లే 283 క్యూబిక్ ఇంచులకి సరిగ్గా 283 హార్స్‌పవర్ అని గర్వంగా ప్రకటించింది. అప్పట్లో పెద్ద అంకె రాస్తేనే కారు అమ్ముడుపోయేది, పదేళ్ళు తిరిగేసరికి చిన్న అంకె రాయడం మేలైంది. అందుకే పెద్దాయన హార్స్‌పవర్ మాట వస్తే పెద్దగా పట్టించుకోరు. "బోరు, స్ట్రోకు నా గేజ్‌కి తెలుసు, ఆ మూడొందలు మాత్రం ఆఫీసులో కూర్చున్నవాడికి తెలుసు" అన్నారు.

ఇప్పుడు షాపులో నాకు నచ్చనివి. పదకొండు వారాలు ఆగాల్సి వచ్చింది. ఫోన్ ఎత్తరు, వాయిస్ మెయిల్ పెడితే నాలుగైదు రోజులకి పిలుస్తారు. కార్డు తీసుకోరు, క్యాష్ లేదా చెక్ ఇవ్వాలి. కూర్చోడానికి ఒకటే కుర్చీ, మార్చిలో వెళ్ళాను, లోపల చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. ఇవేవీ నాకు పెద్ద విషయాలు కావు. అర మార్కు తగ్గించింది ఎందుకంటే, హెడ్ దింపితే కొత్త గ్యాస్కెట్లు వెయ్యాలని, దానికి ఇంకో 85 అవుతుందని, కారు రెండు రోజులు అక్కడే ఉంచాలని, అంటే ట్రక్కు మీద తెచ్చుకుని తీసుకెళ్ళాల్సి వస్తే అదీ నా మీదేనని ఫోన్‌లో చెప్పలేదు. అడిగితే చెప్పేవారే, కానీ మొదటిసారి వెళ్ళేవాడికి ఏం అడగాలో తెలియదు కదా. అలాగే 260కి ఒక వైపు నాలుగు సిలిండర్లే కొలుస్తారు. రెండో వైపు కూడా కావాలంటే ఇంకో 110. ఇది మాత్రం ముందే చెప్పారు, కాగితం మీద కూడా "ఎడమ వైపు మాత్రమే" అని స్పష్టంగా రాశారు. తాను కొలవనిదాన్ని కొలిచినట్టు రాయని మనిషి.

ఎవరు వెళ్ళాలి అంటే, మ్యాచింగ్ నంబర్స్ పేరుతో ఎక్కువ ధర పెట్టబోయేవాళ్ళు తప్పకుండా వెళ్ళాలి, వాళ్ళకి నంబర్లు చదివించుకుంటే చాలు, డబ్బు కూడా అక్కర్లేదు. ఇంజిన్ విప్పి కట్టించుకోబోయేవాళ్ళు కొలిపించుకోవాలి, లేకపోతే 350 పిస్టన్లు ఆర్డర్ చేసి నాలాంటి ఇంజిన్‌కి అవి సరిపోక ఇబ్బంది పడతారు. కారు ఎండలో నడుపుకుని ఆదివారం కడుక్కునేవాళ్ళకి ఈ ఖర్చు అనవసరం.

ఆ అట్టముక్క ఇప్పుడు నా గ్యారేజీ గోడకి ఉంది. బ్యాడ్జ్ తీసెయ్యమని స్నేహితులు అంటున్నారు, నేను తియ్యలేదు, బ్లాక్ అయితే 350దే కదా. ఆ రాత్రే నాన్నకి ఫోన్ చేశాను. బోరు 4.030, స్ట్రోకు 3.25 అన్నాను. ఆయన అంగుళాలు వద్దన్నారు, మిల్లీమీటర్లలో చెప్పాను, 102.36, 82.55. పక్కన కాగితం మీద రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

"నూట రెండు దాటిందా. గోడ ఎంత మిగిలిందిరా? ఇంకో బోరు పడుతుందా?"

అదీ పెద్దాయన్ని అడిగాను. ఈ బ్లాకుల్లో అరవై వంతుల దాకా వెళ్ళేవాళ్ళు ఉన్నారట, కానీ ఒక్కో బ్లాక్‌లో పోత ఒక్కోలా వస్తుంది కాబట్టి అల్ట్రాసౌండ్ మీటర్‌తో సిలిండర్ గోడ మందం చూడకుండా ఆయన మాట ఇవ్వనన్నారు. అక్టోబరులో తేదీ ఇచ్చారు. కుడి వైపు కూడా అప్పుడే కొలిపిస్తాను, ఈసారి గ్యాస్కెట్ల ఖర్చు ముందే అడిగేశాను.